కుంటాల నుంచి ఆఖరు మడి దాకా

మా తాత ఊరు దాటే మనిషి కాదు. పెళ్లికి పిలుపొస్తే మా బాపును, అంటే మా నాన్నను, పంపేవాడు. చావు కబురొస్తే తానే పోయి, మట్టి పోసి, అక్కడ మంచినీళ్లు కూడా ముట్టకుండా పొద్దు గూకేలోపు చెరువు కట్ట మీదికి వచ్చి నిలబడేవాడు. అలాంటి మనిషి ఒక పొద్దున గడప దగ్గర కూర్చుని, జొన్నరొట్టె తుంచుకుంటూ, "ఐతారం నాడు కుంటాల పోదాం" అన్నాడు. అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె చేతిలో చాట ఆగిపోయింది. పొలానికి పోబోతున్న బాపు వెనక్కి వచ్చి తాత నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.

"జరం లేదు," అన్నాడు అవ్వతో.

కుంటాల జలపాతం సంగతి తెచ్చింది మా చిన్నమ్మ. అవ్వకు చెల్లెలు. నిర్మల్‌లో కాపురం. పది రోజుల కింద మా ఊరొచ్చినప్పుడు, అడవిలో ఆ నీళ్లు ఎట్లా దూకుతాయో చేతులు తిప్పుతూ చెప్పింది. "ఆ సప్పుడు కోసు దూరం ఇనవడ్తది. పక్కపొంటి నిలవడి మొత్తుకున్నా మాట ఇనరాదు," అంది. తాత ఆమె ముఖంలోకే చూస్తూ ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పుడు ఎవరికీ అనుమానం రాలేదు. నాకు మాత్రం వచ్చింది, ఎందుకంటే ఆయన చెవుల సంగతి ఈ భూమ్మీద తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటూ తిరుగుతున్న రోజులవి.

మాది మెట్‌పల్లికి ఆరు మైళ్ల దూరంలో ఒక చెరువు కింది ఊరు. తాత ఆ చెరువుకు నీరటి. అంటే తూము ఎత్తేది, దించేది ఆయన. ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చెప్పేది ఆయన. మా తూము పాతకాలపుది. నీళ్లలో రెండు రాతి స్తంభాలు, వాటి మీద ఒక బండ, ఆ బండకున్న బొర్రలోంచి కిందికి దిగిన పొడవాటి గూటం. గూటం పైకి లాగితే కింద రంధ్రం తెరుచుకుని నీళ్లు కాలువలోకి ఉరుకుతాయి. తాత ఆ బండ మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చప్పుడు వింటూ గూటం ఎత్తేవాడు. నాలుగు వేళ్లు తెరిచిందా, జానెడు తెరిచిందా అనేది చెవితోనే చెప్పేవాడు. ఊళ్లో పెద్ద పెద్ద రైతులు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. మా తాతను చూసి నాకు ఎంత గర్వమంటే, బడిలో పంతులు నీ పేరేమిటని అడిగితే నీరటి మనుమరాలినని చెప్పి దెబ్బలు తిన్నాను.

ఆ చెవులు పోయాయని నాకు తెలిసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. నాకు ఎనిమిదేళ్లు. తాత గూటం ఎత్తుతూ, "సప్పుడు ఎట్లున్నది పిల్లా, మొన్నటంతనా, ఎక్కువనా?" అని అడిగాడు. నన్ను పరీక్షిస్తున్నాడనుకుని, ఎక్కువే అన్నాను. ఆయన వెంటనే గూటం కొంచెం దించాడు. మర్నాడూ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. నాకు ఏదో తేడా కొట్టింది. ఇంటికి వస్తూ ఆయన తలపాగా చూస్తూ వెనక నుంచి, "తాతా, నీ రుమాల్ల తేలున్నది" అన్నాను. ఆయన నెమ్మదిగా నడుస్తూనే ఉన్నాడు. గట్టిగా అన్నాను. నడుస్తూనే ఉన్నాడు. ఇంకా గట్టిగా అనేసరికి గట్టు మీది కొంగ ఎగిరిపోయింది కానీ తాత తిరగలేదు. కాసేపటికి నేను పక్కన లేనని వెనక్కి చూశాడు. నా ముఖం చూడగానే ఆయనకు అర్థమైపోయింది.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా," అన్నాడు. "చెవులు లేని నీరటిని ఎవ్వలు పెట్టుకుంటరు?"

మైసమ్మ మీద ఒట్టు వేయించుకున్నాడు. చెరువును కాచే మా కట్ట మైసమ్మ మీద ఒట్టంటే మాటలు కాదు. నేను రెండేళ్లు నోరు మెదపలేదు. నాలాంటి వాగుడుకాయకు అది ఎంత కష్టమో మా అవ్వను అడిగితే తెలిసేది.

అప్పటి నుంచి ఆయన పెదవులు చూసి మాట పట్టేవాడు. చిక్కనివాటికి తల ఊపేవాడు, లేదా కోపం తెచ్చుకునేవాడు. ఇంట్లో వాళ్లు ఆయనకు మొండితనం ముదిరిందనుకున్నారు. ఇక తూము చప్పుడు మీద నమ్మకం పోయింది కాబట్టి, గూటం ఎత్తి ఊరుకోకుండా, కాలువ వెంట నడిచి నీళ్లు ఆఖరు మడి దాకా చేరాయో లేదో కాలు పెట్టి చూసి వచ్చేవాడు. పోను మైలు, రాను మైలు. నన్ను వెంట తీసుకుపోయేవాడు. బురద, ముళ్లు, జలగలు. ఆ ఆఖరు మడి ఒక ముసలమ్మది. మొగుడు లేడు, పిల్లలు లేరు, నోట్లో పళ్లు లేవు. మేం పోయినప్పుడల్లా నా చేతిలో ఇన్ని రేగుపండ్లో, కాల్చిన మక్కకంకో పెట్టేది. ఆమె ఏదో అంటుంటే తాత తల ఊపేవాడు. ఈ చెవులు బాగుంటే నాకీ నడక తప్పేది కదా అని నేను లోపల తిట్టుకునేదాన్ని. దేవుడు నాకు వేసిన శిక్ష అది అనుకునేదాన్ని.

కుంటాల మాట అన్న రోజు సాయంత్రం కాలువ గట్టు మీద తాత నాకు అసలు సంగతి చెప్పాడు. వానాకాలం పంట, మా దగ్గర అబి అంటారు, కోతకొచ్చింది. తూము మూసేశారు. ఎండాకాలం పంటకు, అంటే తాబికి, ముందు రైతులంతా కట్ట మీద కూడే రోజు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ రోజు నీరటి మైసమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి, పంపకంలో తప్పు చేయనని చెప్పి మళ్లీ గూటం పట్టాలి.

"పోయినేడు చెప్పిన, అంతకు ముందేడు చెప్పిన," అన్నాడు తాత. "అబద్ధమాడినట్టే గదా. గంత పెద్ద నీళ్ల సప్పుడు జరంతన్న ఇనవడ్తె, ఇంకో రెండేండ్లు ఎట్లనో నెట్టుకొస్త. అది గుడ ఇనరాకపోతె ఇగ లేనట్టే. కూడిక నాడు గూటం ఇడిచిపెడ్త."

నలభై ఏళ్లు పట్టిన గూటం. అది వదిలితే తాత తాతగా ఉండడని నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. నాకు ఏడుపొచ్చింది. ఆయన నా ముక్కు తన రుమాలుతో తుడిచి, "అవ్వకు చెప్పు, రొట్టెలు బాగ చెయ్యమను," అన్నాడు.

శనివారం ఒంటిపూట బడి. మధ్యాహ్నం అవ్వ, బాపు, తాత, నేను సర్కారు బస్సెక్కాం. అవ్వ ఒళ్లో సద్దిమూట, తాత చేతిలో ఆయన వెదురుకర్ర. ఆ కర్ర తాతకంటే ఒక జానెడు పొట్టి, నాకంటే ఒక బెత్తెడు పొడుగు. దాని మీద గడ్డం ఆనించి గంటలకొద్దీ కట్ట మీద నిలబడడం ఆయన అలవాటు. బస్సులో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, ఆర్మూరు దాకా ముందు సీటు ఆయన నెత్తిన రెండుసార్లు తగిలించాడు. ఆయన ఏదో అన్నాడు. తాత తల ఊపాడు. ఆయన ఇంకా ఏదో అన్నాడు. తాత మళ్లీ మర్యాదగా తల ఊపాడు. ఇంత నెమ్మదస్తుడైన పెద్దమనిషితో ఏం పోట్లాడతామని ఆయనే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

సోన్ దగ్గర గోదారి వచ్చింది. తాత లేచి నిలబడి చేతులు జోడించాడు. వంతెన మీద బస్సు పోతున్నంతసేపూ ఆయన కళ్లు ఆ నీళ్ల మీదే ఉన్నాయి. ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా, ఎండకు మెరుస్తూ, ఎంత నీరో! మా చెరువే లోకమనుకున్న నేను కిటికీ చువ్వలకు ముఖం ఆనించి చూశాను.

"ఇంత నీళ్లు ఎవ్వలు పంచుతున్నరో," అన్నాడు తాత. బస్సంతా నవ్వింది. ఆయన నవ్వులాటకు అనలేదు.

నిర్మల్ నాకు ఒక్క చూపులో నచ్చింది. చుట్టూ గుట్టలు, గుట్టల మీద పాత కోటగోడలు, సందులో కొయ్యబొమ్మలకు రంగులేసి ఎండకు పెట్టిన అరుగులు. చిన్నమ్మ ఇంటి వెనక గుమ్మం తీస్తే గుట్ట ఇంట్లోకి వచ్చేటట్టు ఉండేది. చిన్నాయన కట్టెల లారీ నడిపేవాడు. లారీల వాళ్లకు ఉండే గొంతు ఆయనది. పక్కన కూర్చున్న మనిషితో కూడా పక్క ఊరి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. నోరంతా తెరిచి, ఒక్కొక్క మాట నమిలి పలికేవాడు. తాతకు ఆయన మాట్లాడే ప్రతి మాటా తెలిసిపోతుండేది. "గీ పిలగాడు మంచిగ మాట్లాడ్తడు," అని నాతో మెచ్చుకున్నాడు.

ఆదివారం తెల్లవారుజామున చిన్నాయన నేరడిగొండ వైపు వెదురు ఎక్కించుకు రావడానికి ఖాళీ లారీ తీసుకుని పోతూ మమ్మల్నందరినీ ఎక్కించుకున్నాడు. అవ్వ, చిన్నమ్మ ముందు కూర్చున్నారు. తాత, బాపు, నేను వెనక నిలబడి లారీ పక్క చెక్కలకు కట్టిన తాడు పట్టుకున్నాం. చలి ఎముకల్లోకి దిగుతోంది. ఘాటు, అంటే కొండదారి, మొదలైంది. ఒక మలుపు తిరిగితే లోయ కుడివైపు, ఇంకో మలుపు తిరిగితే ఎడమవైపు. కింద అడవి మీద మంచు తెల్లగా పరుచుకుని, మధ్యమధ్య టేకు చెట్ల తలలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి. లారీ మూలుగుతూ ఎక్కుతుంటే ఒకరి మాట ఒకరికి వినపడదు. అందరం నోళ్లు పెద్దగా తెరిచి, చేతులతో సైగలు చేసుకుంటున్నాం. మాలో ఇబ్బంది లేకుండా ఉన్నవాడు తాత ఒక్కడే. బాపు "సలి పెడ్తుందా?" అని నోరు తెరవగానే తాత "పెడ్తలేదు" అనేవాడు. "బాపుకు ఎంత మంచిగ ఇనవడ్తుంది చూడు," అని మా బాపు నా వైపు తిరిగి అరిచాడు. తన తండ్రిని ఆయన కూడా బాపూ అనే పిలిచేవాడు. నేను పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను.

ఘాటు ఎక్కాక లోకమే మారిపోయింది. పైన ఇంత చదునైన నేల ఉంటుందని ఎవరనుకుంటారు? తెల్లగా విచ్చిన పత్తి చేన్లు, మనిషి ఎత్తు జొన్న, మధ్యలో గోండుల గూడేలు, శుభ్రంగా అలికిన వాకిళ్లు. నేరడిగొండ దాటి అడవి బాట పట్టి, ఇక లారీ పోదన్న చోట చిన్నాయన ఆపాడు. యంత్రం ఆగిపోగానే చెవుల్లో గాలి నిండినట్టు అంతా నిశ్శబ్దమైంది.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక చప్పుడు వచ్చింది. ముందు అది గాలేమో అనుకున్నాను. చెట్లను చూస్తే ఆకు కదలడం లేదు.

"అగో, ఇనవడ్తుందా? అదే!" అంది చిన్నమ్మ.

అందరూ ఒక్కసారి తల అటు తిప్పారు. తాత మా ముఖాలు చూసి, ఆయనా తల అటే తిప్పాడు. "ఆ, ఇనవడ్తుంది," అన్నాడు. చెరువు కాడ అబద్ధమాడినా పని కోసం ఆడాడు. ఇక్కడ ఆయన పరీక్ష ఆయనే పెట్టుకుని, ఆయనే అబద్ధమాడుతున్నాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

"ఇంకా దూరమే గదా," అన్నాను, నా ముఖం ఆయనకు కనిపించేటట్టు. "దగ్గరికి పోయినంక చూద్దాం."

మైలుకు పైగా నడిచి, రాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ లోయలోకి దిగాం. అవ్వ చెప్పులు చేతిలో పట్టుకుంది. అడుగు అడుగుకూ ఆ హోరు పెరుగుతోంది. ముందు చెవుల్లో ఉన్నది, తర్వాత రొమ్ములోకి వచ్చింది. ఒక పెద్ద బండ చుట్టు తిరిగేసరికి ఎదురుగా కుంటాల కనిపించింది.

నేను తర్వాత ఎన్నో చోట్లకు పోయాను. అంతకంటే ఎత్తైనవి చూశాను. కానీ ఆ రోజు నిలబడ్డట్టు మళ్లీ ఎక్కడా నిలబడలేదు. నల్లటి కొండ మెట్లు మెట్లుగా చీలి ఉంది. పైనుంచి నీళ్లు తెల్లగా విరుచుకుపడి, ఒక మెట్టు మీద చిట్లి, మళ్లీ కూడుకుని, ఇంకో మెట్టు మీంచి దూకి, కింద ఆకుపచ్చటి మడుగులో పడుతున్నాయి. లేచిన తుంపర ఎండలో రంగులు పెడుతోంది. అవ్వ ముఖమంతా తడిసింది. తుడుచుకోవడం మర్చిపోయి, నోరు తెరుచుకుని, చిన్నపిల్లలా చూస్తోంది. పొయ్యి, పొలం, పేడ తప్ప ఇంకోటి ఎరగని మా అవ్వ ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు. బాపు చేతులెత్తి దండం పెట్టాడు.

తాత కదలకుండా నిలబడ్డాడు. నేను ఆయన పక్కకు పోయాను. ఆయన కళ్లు నీళ్లను పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూస్తున్నాయి. కాసేపటికి నా వైపు వంగాడు.

"సప్పుడు ఎట్లున్నది పిల్లా?"

ఆ ప్రశ్న రెండేళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. ఎప్పుడూ వెంటనే చెప్పేదాన్ని. ఆ రోజు ఆ నీళ్లకు పోలిక వెతుక్కున్నాను. చివరికి, "మన తూము అసొంటియి నూరున్నయనుకో తాతా, అన్ని ఒక్కపారే ఎత్తిన్రనుకో," అన్నాను. ఆయన నా పెదవుల్ని చూశాడు. మెల్లగా తల ఊపాడు. నా తల మీద చెయ్యి వేసి, "సరే బిడ్డా, ఐపోయింది," అన్నాడు. అంతే. కోపం లేదు, ఏడుపు లేదు. నేను మాత్రం అక్కడే ఏడ్చేశాను. తుంపరలో ఎవరికీ తెలియలేదు.

అవ్వ సద్ది విప్పి పిలిచింది. తాత రాలేదు. నీళ్ల వైపు తిరిగి, ఎప్పుడూ కట్ట మీద నిలబడే తీరుగానే కర్రను ముందు బండ మీద ఆనించి, దాని మీద గడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

మరుక్షణం ఎవరో కొట్టినట్టు తల పైకెత్తాడు. చుట్టూ చూశాడు. మళ్లీ గడ్డం కర్ర మీద పెట్టాడు. మళ్లీ తీశాడు. ఈసారి మెల్లగా వంగి, కర్ర కొసను పళ్ల మధ్య పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. బాగా గట్టిగా మూసుకున్నాడు. ఆయన భుజాలు వణకడం చూసి నేను రొట్టె పడేసి ఉరికాను.

"ఇనవడ్తుంది," అన్నాడు. పళ్ల మధ్య కర్ర వదలకుండానే అన్నాడు కాబట్టి మాట సరిగ్గా రాలేదు. తర్వాత కర్ర తీసి ఏటవాలుగా బండకు ఆనించి నా గడ్డం కింద పెట్టాడు. "నువ్వు గుడ చూడు!"

నా దవడలో, పళ్లల్లో, తల లోపల కుంటాల దూకుతోంది. చెవులు రెండూ మూసుకుని చూశాను. అప్పుడు కూడా దూకుతోంది. బండ లోపల పుట్టి, వెదురులోంచి ఎక్కి, నేరుగా తలలోకి వస్తోంది. ఎన్నో ఏళ్ల తర్వాత, ఎముక గుండా కూడా చప్పుడు పోతుందని, కొన్ని రకాల చెవుడు ఉన్నవాళ్లకు ఆ దారి మూసుకుపోదని ఒక డాక్టరు చెబితే, మా తాత అది ముందే కనిపెట్టాడని ఆయనతో వాదించి వచ్చాను.

తాత ముప్పావుగంట ఆ కర్ర వదలలేదు. బండ బండకూ పోయి ఆనించి, విని, నవ్వి, ఇంకో బండ దగ్గరికి పోయేవాడు. వచ్చి చిన్నాయనతో, "పాయలు రెండు గావు, మూడు. ఒకటి బండ ఎనుక డొల్లల పడ్తుంది," అన్నాడు.

చిన్నాయన తెల్లబోయాడు. "అది గీడికెళ్లి కనవడది బాపూ. ఆ కిందికి దిగితెనే కనవడ్తది. నీకెట్ల ఎర్క?"

"ఎర్కయింది," అన్నాడు తాత. నా వైపు చూసి కన్ను కొట్టాడు. అరవై దాటిన నీరటి కన్ను కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన తెలివి, ఆయన పంతం, ఆ వయసులో ఆ ఆశ, ఎంత గొప్ప మనిషి మా తాత అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది.

రొట్టెలు తింటూ, "ఈ నీళ్లు యాడికి పోతయ్?" అని అడిగాడు. కడెం వాగై పోయి, కింద కడుతున్న పెద్ద ఆనకట్ట దగ్గర ఆగుతాయని చిన్నాయన చెప్పాడు. "ఆడ నీరటి ఎవ్వలు?" అన్నాడు తాత. ఇంజనీర్లుంటారని బాపు అంటే, "ఆఖరు మడి దాక నడుస్తరా వాళ్లు?" అని అడిగాడు. అవ్వ ఇంకో రొట్టె వేసింది.

తిరుగు బస్సులో నేను సంతోషంతో ఎగిరి గంతేసేటట్టు ఉన్నాను. గూటం ఎత్తేటప్పుడు కర్రను తూము బండ మీద ఆనిస్తే చాలు, పని నడిచిపోతుంది. ఎవరికీ చెప్పనక్కర లేదు. అవ్వ, బాపు కునుకు తీస్తుంటే ఆ మాటే ఆయన ముఖంలోకి చూస్తూ అన్నాను.

తాత తల అడ్డంగా ఊపాడు. "తూము బండ మీదికి కర్ర తేవొద్దు గదనే."

నిజమే. నేను మరిచిపోయాను. గూటం ఎత్తే ముందు ఆ బండకు పసుపు రాసి, మైసమ్మ బండ అని మొక్కుతారు. చెప్పులు, కర్ర కట్ట మీదే వదలాలి. నలభై ఏళ్లుగా కర్ర కట్ట మీద వదిలిపోయాడు కాబట్టే, మన్ను మీద ఆనిన ఆ కర్ర ఆయనకు ఏమీ వినిపించలేదు. ఇప్పుడు బండ మీదికి కర్ర తేవాలంటే ఊరు ఒప్పుకోవాలి. ఊరు ఒప్పుకోవాలంటే ఎందుకో చెప్పాలి.

"చెప్తె తీసేస్తరు తాతా," అన్నాను.

"తీసేస్తె తీసేస్తరు. దొంగతనంగ నీళ్లు పంచుడు రెండేండ్లు సాలు."

కూడిక రోజు కట్ట మీద యాభై అరవై మంది ఉన్నారు. పటేలు ముందు కూర్చున్నాడు. తాత తలకు కొత్త రుమాలు చుట్టుకుని, కొబ్బరికాయ చేతిలో పట్టుకుని మైసమ్మ ముందు నిలబడ్డాడు. నేను ఆయన ధోవతి చెంగు పట్టుకున్నాను. కాయ కొట్టలేదు. అందరి వైపు తిరిగాడు.

"నా చెవులు పోయినయ్," అన్నాడు. "రెండేండ్లయింది. మీకు చెప్పలే. పోయినేడు గీ తల్లి ముందట అబద్ధమాడిన. కర్ర బండకు ఆనిస్తె సప్పుడు తెలుస్తుంది. కర్ర తెచ్చుకోనిస్తె గూటం పడ్త. వద్దంటె ఇక్కడ్నే ఇడిచిపెడ్త. మీ ఇష్టం."

మా బాపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. అవ్వ నా వైపు చూసిన చూపు ఇంటికి పోయాక నా పని పడతానని చెబుతోంది. పటేలు మీసం దువ్వుకున్నాడు. తాత ఒక్కొక్కరి పెదవుల్ని వెతుకుతున్నాడు, ఎవరు ముందు కదుపుతారో అని.

వెనక నుంచి మనుషుల్ని తోసుకుంటూ ఆఖరు మడి ముసలమ్మ వచ్చింది. కూడికలో ఆడవాళ్లు మాట్లాడే ఆచారం లేదు. ఆమె వచ్చి తాత ముందు నిలబడి, చేతులు తిప్పుతూ గబగబా అందుకుంది. పళ్లు లేని నోరు, వేగంగా మాట. తాత ఎంత చూసినా ఒక్క ముక్క పట్టలేకపోయాడు. ఆమె మాటలకు ఒకరిద్దరు తల దించుకున్నారు. బాపు కళ్లు తుడుచుకున్నాడు. తాత ముఖం పాలిపోయింది. తనను తిడుతుందనుకున్నాడు.

"ఏమంటుంది పిల్లా?" అన్నాడు, ఊరందరి ముందు, మొదటిసారి.

నేను ఆయన ముందుకు వచ్చి, ముఖం పైకెత్తి, ఒక్కొక్క మాట విడదీసి చెప్పాను.

"ఆమెకు ఎప్పుడో ఎర్కనట తాతా. గట్టు మీదికొచ్చిన తొలినాడు ఆమె పిలిస్తె నువ్వు పలుకలేదట, అప్పుడే ఎర్కయిందట. నీకు చెవులు మంచిగున్న దినాలల్ల నువ్వు తూము మీదనే కూసుంటివట. ఆమె మడి దాక ఒక్కనాడన్న రాకపోతివట. మొగడున్నప్పటి సంది ఆ మడి సగం ఎండేదట. చెవులు పోయినంకనే నువ్వు నడిచొచ్చినవట. ఈ రెండేండ్లే ఆమె నిండుగ కోసుకున్నదట."

ఊపిరి పీల్చుకుని ఆఖరు మాట కూడా చెప్పాను. "కర్ర తెచ్చుకుంటె తెచ్చుకోమంటుంది. కర్రతోని ఇనవడ్తుందని నడుసుడు మానొద్దంటుంది."

తాత ఆమె వైపు చూశాడు. నలభై ఏళ్లు తాను చెవితో చెప్పిన లెక్కలో ఆ మడి ఎప్పుడూ ఎండుతూనే ఉందన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది. ఆయన కొబ్బరికాయ కింద పెట్టి, రుమాలు తీసి, ఆ ముసలమ్మకు వంగి దండం పెట్టాడు. "తప్పయింది చెల్లే," అన్నాడు. ఆమె కంగారుపడి రెండు అడుగులు వెనక్కి వేసింది.

పటేలు లేచి, కట్ట మీద పడి ఉన్న కర్రను తీసి తాత చేతికి ఇచ్చాడు.

ఆ ఏడు తాబికి తూము ఎత్తిన రోజు తాత పసుపు రాసిన బండ మీద కర్ర ఆనించి, పళ్లతో పట్టుకుని, తానే చప్పుడు విన్నాడు. నన్ను అడగలేదు. నాకు కొంచెం ఏడుపొచ్చింది, ఇక నాతో పని లేదని. గూటం బిగించి దిగి వచ్చి, కట్ట మీద చెప్పులు తొడుక్కుని, నా వైపు చెయ్యి చాపాడు.

"నడువు," అన్నాడు. "ఆఖరు మడి కాడికి పోదాం."